బ్యాంకు మా ఇల్లు వేలం వేసేసింది, ఇంకేమైనా చేయొచ్చా?

గాజువాక అబ్బాయి: నాన్నగారు షాపు కోసం ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నారు, వాయిదాలు ఆగిపోయాయి, పోయిన నెల వేలం కూడా అయిపోయింది. ఇప్పుడు మేనమామ మొత్తం కడతానంటున్నాడు, ఇల్లు వెనక్కి ఇస్తారా? సివిల్ కోర్టుకి వెళ్దామా?

లాయర్ అన్న: తమ్ముడూ, సివిల్ కోర్టు వద్దు, సర్ఫేసీ చట్టం (బ్యాంకులు కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తి అమ్మి బాకీ వసూలు చేసుకునే చట్టం) సెక్షన్ 34 అడ్డొస్తుంది. వైజాగ్‌లోనే డీఆర్‌టీ (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) ఉంది, అక్కడ సెక్షన్ 17 కింద 45 రోజుల్లోపు కేసు వెయ్యాలి, ముందు డేట్లు లెక్కేసుకో. డబ్బు కట్టి విడిపించుకోవడం మాత్రం కష్టం, 2016 సవరణ తర్వాత వేలం నోటీసు పబ్లిష్ అయ్యేలోపే కట్టాలి, 2023లో సుప్రీంకోర్టు కూడా బాఫ్నా మోటార్స్ కేసులో అదే చెప్పింది.

గాజువాక అబ్బాయి: అంటే ఇక దారే లేదా అన్నా?

లాయర్ అన్న: ఉంది, ప్రొసీజర్ చూడు. 60 రోజుల్లో బాకీ కట్టమనే డిమాండ్ నోటీసు సరిగ్గా అందిందా, మొదటి వేలానికి ముందు 30 రోజుల నోటీసు ఇచ్చారా, తెలుగు పేపర్లో వేశారా, తప్పు దొరికితే వేలం కొట్టేసే ఛాన్స్ ఉంది.

విజయవాడ అక్క: బాబూ, వేలం డబ్బు లెక్కల స్టేట్‌మెంట్ ఇమ్మని బ్యాంకుకి రాసి కూడా అడగండి. బాకీ, ఖర్చులు పోను మిగిలింది మీకే ఇవ్వాలి, చాలామంది ఇది అడగకుండానే వదిలేస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.