పాత అంగన్‌వాడీ భవనం, లక్ష రూపాయలు: ముందు ఏ పని చేయించాలి?

పంచాయతీ_కార్యదర్శి

నమస్తే. మా ఊళ్లో అంగన్‌వాడీకి సొంత భవనం ఉంది. పదిహేనేళ్ల నాటి స్లాబు, ఒక హాలు, వంటగది, సరుకుల గది, వెనకాల టాయిలెట్. పిల్లలు 25 మంది. అంగన్‌వాడీలని మెరుగుపరిచే కేంద్ర పథకం సక్షమ్ అంగన్‌వాడీ కింద లక్ష మంజూరైంది. ఎల్‌ఈడీ తెర, నీళ్ల ఫిల్టరు, పోషణ్ వాటిక (పెరటి తోట), వాననీటి ఏర్పాటు, గోడల మీద ‘బాల’ బొమ్మలు (గోడలే పాఠాలు చెప్పేలా వేసేవి) అన్నీ అందులోనే.

ఇబ్బందులివి. వాన పడితే హాలు మూల కారుతుంది. గోడలు కింద రెండడుగుల మేర తెల్లగా ఉప్పు పట్టి పెచ్చులూడుతున్నాయి. టాయిలెట్‌కి నీళ్లు లేక అది సామాన్ల కొట్టయింది. ర్యాంపు నిటారుగా ఉంది. పెయింటర్ మాత్రం వచ్చే వారమే బొమ్మలు మొదలుపెడతానంటున్నాడు. ఆపమంటారా?

పీఆర్_ఏఈ

పంచాయతీరాజ్ ఇంజినీరుగా చెబుతున్నా, ఆపండి. బాల బొమ్మలు పిల్లల కంటికి అందాలంటే నేల నుంచి నాలుగడుగుల లోపే ఉండాలి. మీ గోడకి చెమ్మ పట్టింది కూడా సరిగ్గా అక్కడే. ఉప్పు ఊరుతున్న ప్లాస్టరింగ్ మీద ఎనామిల్ వేస్తే ఒక్క వానాకాలానికే పొరలు పొరలుగా లేచిపోతుంది. టైల్స్ అతికించినా లాభం లేదు, తడి బయటికి పోయే దారి లేక ఇంకో అడుగు పైకెక్కుతుంది.

ముందు బయటికెళ్లి చూడండి. సీసీ రోడ్డు వేసినప్పుడో మట్టి పోసినప్పుడో ఆవరణ మట్టం పెరిగి బేస్‌మెంట్‌ని ముంచేసి ఉంటుంది. చాలాచోట్ల జరిగేది ఇదే. ఆ మట్టి తీసేసి, గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాటంగా కాంక్రీటు వేయించండి. లోపల చెమ్మ గుర్తు కంటే అడుగు పైదాకా ప్లాస్టరింగ్ కొట్టించి, ఇటుకని ఆరనిచ్చాకే కొత్తది వేయాలి.

స్లాబు సంగతి: ముందు హాల్లో సీలింగుని సుత్తితో మెల్లగా తట్టించండి. డొల్ల శబ్దం వచ్చినా, తుప్పు పట్టిన కమ్మీ కనిపించినా పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టొద్దు, ఇంజినీరు చూడాల్సిందే. అలాంటిదేమీ లేకపోతే తూములు మూసి స్లాబు మీద అంగుళం నీళ్లు ఒక రోజంతా నిలబెట్టండి, ఎక్కడ దిగుతుందో తెలిసిపోతుంది. ఎక్కువగా పిట్టగోడ స్లాబుని కలిసే మూలలోనో, తూము నోటి దగ్గరో దొరుకుతుంది. పగులుని వీ ఆకారంలో చెక్కి పాలిమర్ మోర్టార్ (నీరు దిగకుండా రసాయనం కలిపిన సిమెంటు ముద్ద) నింపాలి. పిట్టగోడ మొదట్లో మూల కనపడకుండా మూడంగుళాల గుండ్రటి సిమెంటు గోలా కట్టి, తూము వైపు నూరడుగులకి అడుగు వాటం వచ్చేలా పైపూత వేసి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫ్ కోటింగ్. అసలు వాటం లేని స్లాబు మీద ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా డబ్బు దండగ.

పైన తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేస్తే ఎండాకాలం హాల్లో వేడి తగ్గుతుంది. తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023లోనే వచ్చింది, ప్రభుత్వ భవనాలకి అది తప్పనిసరి.

సెక్టార్_సూపర్‌వైజర్

ఏఈ గారు చెప్పింది నిజమే కానీ, నాకైతే టాయిలెట్ ముందు. సక్షమ్ అంగన్‌వాడీ భాగంగా ఉన్న పోషణ్ 2.0 పథకంలో టాయిలెట్‌కి 36,000, తాగునీటికి 17,000 విడి పద్దులున్నాయి. పాతదాన్ని బాగుచేయడానికి అవి వర్తిస్తాయో లేదో సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకం అధికారి) మేడంని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, లక్షలోంచి మాత్రం తీయకండి.

నీళ్లు లేని టాయిలెట్ ఎక్కడైనా కొట్టుగదే అవుతుంది. 25 మందికి 500 లీటర్ల ట్యాంకు చాలు. నిండితే అర టన్ను బరువు, కాబట్టి స్లాబు మధ్యలో కాకుండా గోడ మూల మీద పెట్టించండి. పాన్ చిన్న పిల్లల సైజుది తేవాలి. పెద్దవాళ్ల పాన్ మీద కాళ్లు అందక, పడతామన్న భయంతో పిల్లలు లోపలికే వెళ్లరు. కుళాయి అడుగున్నర ఎత్తులో, తలుపు బయటికి తెరుచుకునేలా, గడియ బయటి వైపు పెద్దవాళ్లకి అందే ఎత్తులో మాత్రమే. చేతులు కడుక్కునే తొట్టి 18 నుంచి 20 అంగుళాల ఎత్తులో మూడు కుళాయిలతో కట్టించి, ఆ నీటిని కంకర గుంట మీదుగా పెరటి తోటకి మళ్లించండి.

బాలామృతం (చిన్న పిల్లలకిచ్చే పోషకాహార పొడి) ప్యాకెట్లు నేలమీద, గోడకి ఆనించి పేర్చొద్దు. నేలకి ఆరంగుళాలు, గోడకి ఆరంగుళాలు ఖాళీ ఉంటే ఎలుక దాక్కోదు, చెమ్మా తగలదు.

ఇంకొకటి, గోడ మీద వేసే జిరాఫీ కొలబద్ద ఆటకే. ఎత్తు నమోదు స్టేడియోమీటర్‌తోనే (నిలబెట్టి ఎత్తు కొలిచే పరికరం) చేయాలి, రెండేళ్ల లోపు వాళ్లని పడుకోబెట్టే కొలవాలి.

పంచాయతీ_కార్యదర్శి

ధన్యవాదాలు. చిక్కేంటంటే మార్చి 31లోపు లక్ష ఖర్చు చూపాలి, గోడ ఆరేదాకా ఆగలేను. ర్యాంపు: బేస్‌మెంట్ అడుగున్నర ఎత్తు, ముందు 12 అడుగులే ఖాళీ. ముఖభాగం 25 అడుగులు, తలుపు ఒక చివర ఉంది.

ఆర్కిటెక్ట్_వరంగల్

బొమ్మలు మొత్తం ఆపక్కర్లేదు. హాలుకీ సరుకుల గదికీ మధ్య ఉన్న లోపలి గోడని అరచేత్తో తడిమి చూడండి. పొడిగా ఉంటే ఇప్పుడే దాని మీద నేల నుంచి అడుగు వదిలి మూడడుగుల వెడల్పు నల్లబల్ల పట్టీ, దాని పైన అంకెలు, ఆకారాలు వేయించేయండి. బయటి గోడల కోసం సిమెంటు బోర్డుల మీద బొమ్మలు వేయించి, అరంగుళం ఖాళీతో మేకులకి తగిలించండి. గోడ ఆరుతూనే ఉంటుంది, బిల్లూ అవుతుంది. ఐదడుగుల పైన వేసే బొమ్మలు అధికారుల ఫొటోలకే, అక్కడ రంగు వృథా చేయకండి.

ర్యాంపుకి అంగుళం ఎత్తుకి అడుగు పొడవు కావాలి. మీది 18 అంగుళాలు కాబట్టి 18 అడుగులు. ఎదురుగా కడితే పట్టదు. ముందుగోడ వెంబడే 18 అడుగులు నడిపి, తలుపు దగ్గర 5 అడుగుల చదును ఇస్తే 23 అడుగుల్లో సరిపోతుంది, ఆవరణలో నాలుగున్నర అడుగుల వెడల్పే తీసుకుంటుంది. పైన చీపురు గీతల గచ్చు చాలు, నున్నటి టైల్స్ వద్దు. పిల్లల కోసం రెండో కడ్డీ 28 అంగుళాల ఎత్తులో, పెద్దలది మూడడుగుల ఎత్తులో.

డబ్బు మిగిలితే హాల్లో ఒక కిటికీ అడుగు భాగాన్ని నేల నుంచి అడుగున్నర ఎత్తుకి దింపించండి. ఉన్న కిటికీ వెడల్పులోనే కింద గోడ తీస్తారు కాబట్టి కిటికీ పైన గోడని మోసే లింటెల్‌కేమీ కాదు. గ్రిల్‌కి నిలువు కడ్డీలే పెట్టాలి, అడ్డకడ్డీలుంటే ఎక్కేస్తారు. సందు నాలుగంగుళాలు దాటకూడదు.

పీఆర్_ఏఈ

బోర్డుల ఆలోచన బాగుంది. ఎంబీలో (పనుల కొలతల పుస్తకం) వాటిని విడి ఐటంగా రాయించండి, పెయింటింగ్‌లో కలిపితే ఆడిట్‌లో అడుగుతారు. ఎల్‌ఈడీ తెరకి వైరింగ్ కూడా పెయింటుకి ముందే అయిపోవాలి. సాకెట్లు ఐదడుగుల పైన, కరెంటు బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టబోతే కరెంటు కట్ చేసే స్విచ్చు) ఉండాలి, ఎర్త్ గుంత ఉందో లేదో తవ్వి చూసుకోండి. గ్యాస్ సిలిండర్ బయట జాలీ గదిలో ఉంటే మంచిది. లోపలే ఉంచాల్సి వస్తే వెంటిలేటర్ నేల మట్టంలో పెట్టించండి, ఎల్‌పీజీ గాలికంటే బరువు, కిందే నిలుస్తుంది.