పోర్టల్ నుంచి రిసీవర్‌ను తెచ్చేటప్పుడు ఏం చూడాలి: క్యాచ్‌ల లెక్కా, ఆడే స్థానమా?

ఫ్రిస్కో రాజు

ఏటా సీజన్ ముగిసేసరికి ఇదే గొడవ. అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో జట్టు మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి పేరున్న వైడ్ రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) ఒకడు రాగానే "వెయ్యి యార్డ్‌లు చేసినోడు, వెంటనే తెచ్చేయండి" అంటారు. నా మాట సూటిగా చెప్తాను. రిసీవర్ విషయంలో పాత జట్టులో పట్టిన క్యాచ్‌ల లెక్క పెద్దగా పనికిరాదు. మన జట్టులో ఏ స్థానం ఖాళీగా ఉంది, ఆ స్థానంలో ఇతను ఇంతకుముందు నిలబడి ఆడాడా, ముందు ఇవి చూడాలి.

నేను వారం వారం చూసే జట్టు టెక్సస్, కాబట్టి అక్కడి సంగతే చెప్తా. 2023లో జార్జియా నుంచి అడొనాయ్ మిచెల్ వచ్చాడు. అంతకుముందు ఏడాది గాయంతో చాలా మ్యాచ్‌లు పోయి, పట్టినవి 9 క్యాచ్‌లే. లెక్క చూసేవాళ్లయితే పక్కన పెట్టేసేవాళ్లు. కానీ టెక్సస్‌లో అప్పటికే జేవియర్ వర్తీ ఉన్నాడు. మహా వేగం, 165 పౌండ్ల బక్కపలచటి మనిషి. ప్రతి స్నాప్‌కీ (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టినప్పుడల్లా) లైన్ మీద నిలబెట్టి కార్నర్ (రిసీవర్‌ను కాపలా కాసే డిఫెండర్) చేతుల్లో పెట్టాల్సిన ఆటగాడు కాదు. అవతలి వైపు ఒంటరిగా నిలబడి ప్రెస్‌ను విడిపించుకునే పొడగరి కావాలి. మిచెల్ ఆరడుగుల నాలుగంగుళాలు. వచ్చాడు, 55 క్యాచ్‌లు, 845 యార్డ్‌లు, 11 టచ్‌డౌన్‌లు. టెక్సస్ బిగ్ 12 గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్లింది.

2024లో ఇద్దరు వచ్చారు. అలబామా నుంచి ఐజయా బాండ్, హూస్టన్ నుంచి మాథ్యూ గోల్డెన్. బాండ్ అంటే 2023 ఐరన్ బౌల్‌లో ఆబర్న్ మీద ఫోర్త్ అండ్ 31లో (చివరి అవకాశం, ఇంకా 31 యార్డ్‌లు వెళ్లాలి) టచ్‌డౌన్ పట్టినవాడు, దేశమంతా తెలుసు. గోల్డెన్ హూస్టన్‌లో చేసింది 404 యార్డ్‌లు, ఎవరూ పట్టించుకోలేదు. సీజన్ అయ్యేసరికి బాండ్ 540 యార్డ్‌లు, గోల్డెన్ 987. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజ్ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో గోల్డెన్‌ను గ్రీన్ బే 23వ పిక్‌గా తీసుకుంది. బాండ్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు.

కొలంబస్ శ్రీనివాస్

రాజు గారూ, మీరు ఏ స్థానానికి తేవాలో చెప్తున్నారు. అసలు తేవాలా అన్నది నా ప్రశ్న. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టుంది ఈ పోర్టల్ మోజు.

ఒహాయో స్టేట్ 2024లో నేషనల్ ఛాంపియన్. ఆ ఏడాది ముఖ్యమైన ముగ్గురు రిసీవర్లు జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా, కార్నెల్ టేట్. ముగ్గురూ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చినవాళ్లు. స్మిత్ మొదటి ఏడాదే 1,315 యార్డ్‌లు, 15 టచ్‌డౌన్‌లు. నోటర్ డామ్ మీద ఫైనల్ చివర్లో థర్డ్ అండ్ 11 వస్తే అతనికే విసిరారు, 56 యార్డ్‌లు. అదే జట్టు క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరేవాణ్ని) కాన్సస్ స్టేట్ నుంచి, రన్నింగ్ బ్యాక్ జడ్కిన్స్‌ను ఓల్ మిస్ నుంచి, సేఫ్టీ డౌన్స్‌ను అలబామా నుంచి తెచ్చుకుంది. అంటే పోర్టల్ అంటే ఇష్టం లేక కాదు. రిసీవర్ గదిలో (అంటే రిసీవర్ల బృందంలో) కోచ్ బ్రయన్ హార్ట్‌లైన్ ఏళ్ల తరబడి కుర్రాళ్లను తయారు చేశాడు, బయటివాడి అవసరం రాలేదు.

బయటి నుంచి ఒకణ్ని తెచ్చి నిలబెడితే రెండేళ్లుగా వరసలో ఉన్న మీ కుర్రాడు ఏం చేస్తాడు? అతనూ పోర్టల్‌లోకే పోతాడు. ఒక ఖాళీ నింపి ఇంకో ఖాళీ చేసుకున్నట్టు.

డెంటన్ కిరణ్

అన్నా, నేను ఎంఎస్‌కి వచ్చి ఏడాది కాలేదు, ఆట ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. లైన్ మీద నిలబడటం, ప్రెస్, ఇవన్నీ ఏంటి? అందరూ పరిగెత్తి బంతి పట్టడమే కదా? రిసీవర్‌కి ఎక్కడ నిలబడితే ఏం తేడా?

లలిత, ఆస్టిన్

కిరణ్ తమ్ముడూ, తేడా అంతా స్నాప్‌కు ముందే మొదలవుతుంది.

బంతి ఉన్న గీతను లైన్ ఆఫ్ స్క్రిమేజ్ అంటారు. ఆ గీత మీద నిలబడినవాళ్లలో రెండు కొసల్లో ఉన్నవాళ్లకే పాస్ పట్టే హక్కు. ఒక కొసన టైట్ ఎండ్ (లైన్‌మెన్ పక్కనే నిలబడి బ్లాక్ చేస్తూ పాస్ కూడా పట్టేవాడు) ఉంటాడు, రెండో కొసన ఒక రిసీవర్. ఆ రిసీవరే ఎక్స్. టైట్ ఎండ్ వైపు ఉన్న రిసీవర్ కూడా గీత మీదకు వచ్చేస్తే టైట్ ఎండ్ లోపలికి పడిపోయి హక్కు పోగొట్టుకుంటాడు. అందుకని ఆ రిసీవర్ ఒక యార్డ్ వెనక్కి జరుగుతాడు, అతను జెడ్. లోపల, లైన్‌మెన్‌కూ బయటి రిసీవర్‌కూ మధ్య నిలబడేవాడు స్లాట్.

ఆ ఒక్క యార్డ్‌తోనే పని మారిపోతుంది. ఎక్స్ గీత మీదే ఉంటాడు కాబట్టి కార్నర్ ముఖాముఖిగా వచ్చి స్నాప్ కాగానే ఛాతీ మీద చెయ్యి వేస్తాడు. అదే ప్రెస్. మొదటి రెండడుగుల్లో ఆ చేతిని కొట్టేసి బయటపడకపోతే రూట్ (పరిగెత్తాల్సిన దారి) పాడైపోతుంది, క్వార్టర్‌బ్యాక్ లెక్క తప్పుతుంది. జెడ్ వెనక ఉన్నాడు కాబట్టి చెయ్యి అంత తొందరగా అందదు, పైగా మోషన్‌లో అటూ ఇటూ నడిపించవచ్చు. స్లాట్‌కి కుడి ఎడమలు రెండూ తెరిచి ఉంటాయి, కానీ అతను లైన్‌బ్యాకర్ల మధ్యలోకి పోయి దెబ్బలు తింటూ పట్టాలి.

కాలేజ్ ఆటలో ఇంకో సంగతి. హాష్ మార్కులు (బంతి పెట్టే హద్దును చూపే రెండు వరసల గీతలు) ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉంటే కాలేజ్‌లో 40 అడుగులు. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతి ఒక హాష్ మీద పెట్టారంటే ఒక వైపు 60 అడుగులు, రెండో వైపు 100. ఇరుకు వైపు బౌండరీ, విశాలమైన వైపు ఫీల్డ్. చాలా జట్లు విశాలమైన వైపు ఇద్దరు ముగ్గురిని పెట్టి ఇరుకు వైపు ఎక్స్‌ను ఒక్కణ్నే వదిలేస్తాయి. అక్కడ అతనికీ కార్నర్‌కీ మధ్య ఎవరూ రారు. విశాలమైన వైపు స్లాట్‌లో ఖాళీ జాగా చూసి 80 క్యాచ్‌లు పట్టినవాణ్ని తెచ్చి ఇరుకు వైపు ఒంటరిగా నిలబెడితే అది అతనికి కొత్త ఉద్యోగం. రాజు గారు చెప్పేది నాకు అర్థమైనంతవరకు ఇదే.

డెంటన్ కిరణ్

థాంక్స్ అక్కా. ఇన్నాళ్లూ బంతినే చూస్తున్నా. ఈసారి స్నాప్‌కి ముందు కార్నర్ ఎక్కడున్నాడో చూస్తా.

పిట్స్‌బర్గ్ వాసు

మీ అందరివీ పెద్ద జట్లు. ఇటు వైపు నుంచి కూడా చూడండి.

జోర్డన్ అడిసన్ 2021లో పిట్ (పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ) తరఫున సరిగ్గా 100 క్యాచ్‌లు, 1,593 యార్డ్‌లు, 17 టచ్‌డౌన్‌లు. దేశంలో మేటి రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు. మరుసటి ఏడాది యూఎస్‌సీకి వెళ్లిపోయాడు. స్టేడియంలో అతని నంబర్ జెర్సీ వేసుకుని వచ్చే పిల్లల్ని చూశాను, ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. మా కోచ్‌లు పెంచితే ఫలం ఇంకొకరికి. 2021 నుంచి ఏడాది ఆట మానేసి కూర్చోకుండా కాలేజ్ మారొచ్చన్నారు. అదే ఏడాది జులైలో ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల్లాంటి వాటితో సంపాదించుకోవచ్చన్నారు. 2024లో ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు పంచొచ్చు, మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా. స్థానం, పాత్ర అన్నవి మనం మాట్లాడుకునే మాటలు. డబ్బున్నవాడు తీసుకుపోతున్నాడు, అంతే.

ఫ్రిస్కో రాజు

వాసు గారూ, పిల్లల బాధ నిజం, కాదనను. కానీ అడిసన్ వెళ్లిన తర్వాత ఏమైందో చూడండి. యూఎస్‌సీలో 59 క్యాచ్‌లు, 875 యార్డ్‌లు. పిట్‌లో స్లాట్‌లో ఎక్కువగా ఆడాడు, అక్కడ బయటికి జరిపారు. డబ్బుతో మనిషిని తేగలిగారు, ఆ 1,593 యార్డ్‌లను తేలేకపోయారు. తిరిగి యూఎస్‌సీయే 2023లో అరిజోనా నుంచి డోరియన్ సింగర్‌ను తెచ్చింది. అక్కడ 1,105 యార్డ్‌లు చేసినవాడు ఇక్కడ 289కి పడిపోయాడు.

కొలంబస్ శ్రీనివాస్

ఇక్కడ మీ లెక్క ఒప్పుకోను. క్యాచ్‌లు చూడొద్దన్నది మీరే, ఇప్పుడు క్యాచ్‌లు తగ్గాయని అడిసన్‌ను తేవడం తప్పంటున్నారు. యూఎస్‌సీ 2021లో 4 గెలిచి 8 ఓడింది. అడిసన్ ఉన్న ఏడాది 11 మ్యాచ్‌లు గెలిచింది, క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌కు హైస్మన్ (దేశంలో మేటి ఆటగాడి అవార్డు) వచ్చింది. అడిసన్ మధ్యలో గాయపడ్డాడు కూడా. అయినా మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా తీసుకుంది. అతని మీద ఇద్దరు కాపలా ఉంటే పక్కవాడికి దారి దొరుకుతుంది. ఆ మేలు స్టాట్ షీట్‌లో కనిపించదు.

పైగా అడిసన్ పిట్‌లోనే ఉన్నా అన్ని యార్డ్‌లు వచ్చేవా? క్వార్టర్‌బ్యాక్ పికెట్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోయాడు, అఫెన్స్ నడిపిన కోచ్ మార్క్ విపుల్ నెబ్రాస్కాకి పోయాడు. వాసు గారికి కోపం రావచ్చు గానీ, ఆ కుర్రాడికి వెళ్లడానికి కారణాలు ఉన్నాయి.

పిట్స్‌బర్గ్ వాసు

కోపం లేదు శ్రీనివాస్ గారూ. పికెట్, విపుల్ పోయిన మాట నిజమే. కానీ అడిసన్ ఉంటే కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి ఒక ఆసరా ఉండేది. అతను లేకుండానే మా జట్టు 9 గెలిచింది. అతనుంటే ఇంకెన్నో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

లలిత, ఆస్టిన్

బాండ్ గురించి రాజు గారు కాస్త కఠినంగా రాశారు. సీజన్ చివర్లో అతనికి చీలమండ నొప్పి. అలబామాలో క్వార్టర్‌బ్యాక్ జేలెన్ మిల్రో పాకెట్ (తన చుట్టూ ఉన్న కాపలా) విరిగాక అటూ ఇటూ పరిగెత్తి దూరంగా విసిరేవాడు, బాండ్ ఆ గందరగోళంలో ఖాళీ వెతుక్కునేవాడు. టెక్సస్‌లో క్విన్ ఈవర్స్ రిసీవర్ తిరగకముందే, తిరిగే చోటికి విసిరేవాడు. అలాంటి చోట వేగం కన్నా అడుగుల లెక్క ముఖ్యం. గోల్డెన్‌కి అది పట్టుబడింది. పీచ్ బౌల్‌లో అరిజోనా స్టేట్ మీద ఓవర్‌టైమ్‌లో ఫోర్త్ అండ్ 13 గుర్తుందా? బ్లిట్జ్ (డిఫెన్స్ ఎక్కువమందితో మీదికి దూసుకురావడం) వస్తుంటే ఈవర్స్‌కి నిలబడే టైమ్ లేదు. గోల్డెన్ అక్కడ ఉంటాడన్న నమ్మకంతో విసిరాడు, 28 యార్డ్‌ల టచ్‌డౌన్. కాబట్టి స్థానం ఒక్కటే చాలదు, విసిరేవాడు ఎవరన్నది కూడా చూడాలి.

శ్రీనివాస్ గారికి ఒక మాట. జేమ్సన్ విలియమ్స్ మీ దగ్గరివాడే కదా. రెండేళ్లలో 15 క్యాచ్‌లు. విల్సన్, ఓలావే, స్మిత్-ఎన్జిగ్బా ముందుంటే అతనికి చోటెక్కడ? అప్పుడే అలబామా నుంచి డివాంటా స్మిత్, వాడిల్ ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోయారు. విలియమ్స్ 2021లో అక్కడికి వెళ్లి 1,572 యార్డ్‌లు, 15 టచ్‌డౌన్‌లు. డ్రాఫ్ట్‌లో విల్సన్ 10, ఓలావే 11, విలియమ్స్ 12. మీ గదిలో పెంచడమే గొప్పయితే, నాలుగో కుర్రాడికి బయట దొరికిన చోటు కూడా అంతే గొప్పది.

కొలంబస్ శ్రీనివాస్

విలియమ్స్ సంగతి ఒప్పుకుంటాను లలిత గారూ. కానీ అతన్ని పెంచింది కొలంబస్‌లోనే. బయటినుంచి తెచ్చుకునే జట్టు ప్రతి ఏడాదీ ఇంకో విలియమ్స్ దొరుకుతాడని కూర్చుంటే సింగర్లే ఎక్కువ తగులుతారు.

ఫ్రిస్కో రాజు

అందుకే చూసి తెచ్చుకోమంటున్నా. ఇండియానా చేసింది చూడండి. కోచ్ కర్ట్ సిగ్నెటి 2024లో జేమ్స్ మాడిసన్ నుంచి వస్తూ తన రిసీవర్ ఎలైజా సారట్‌ను వెంట తెచ్చుకున్నాడు. పెద్ద స్కూళ్లు ఎగబడ్డ పేరు కాదు. కానీ ఆ అఫెన్స్‌లో ప్రతి రూట్ అతనికి ముందే తెలుసు, బయటి వైపు నిలబడి ఎత్తుకి పట్టడం అతని పని, ఇక్కడా అదే పని ఇచ్చారు. 957 యార్డ్‌లు, జట్టు 11 గెలుపులు.

లలిత గారు చెప్పిన క్వార్టర్‌బ్యాక్ సంగతి నా వాదనలో కలుపుకుంటున్నా. రిసీవర్ జనవరిలోనే చేరితే స్ప్రింగ్‌లో 15 ప్రాక్టీసులు దొరుకుతాయి. డిఫెన్స్‌ను చూసి రూట్ మార్చుకునే ఆటల్లో ఇద్దరూ ఒకే బొమ్మ చూసి ఒకే నిర్ణయానికి రావాలి, దానికి ఆ పదిహేనే తక్కువ. అందుకని నన్నడిగితే హైలైట్ వీడియో పక్కన పెట్టి, అతనికి బంతి రాని స్నాప్‌లు చూస్తాను. ప్రెస్ వచ్చినప్పుడు మొదటి రెండడుగులు ఎటు వేశాడు, రన్ ప్లేలో కార్నర్‌ను బ్లాక్ చేశాడా, నిలబడి చూశాడా. వాసు గారు అడిగిన డబ్బు మాట ఆ తర్వాతే.