జెస్సీ జాక్సన్ రాజకీయ జీవితం విఫలమైనట్టేనా?

కృష్ణాతీరం:
అమెరికా నల్లజాతి పౌరహక్కుల ఉద్యమ నాయకుడు జాక్సన్ 1984లో, 1988లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి రెండుసార్లూ ఓడిపోయారు. తర్వాత దక్కింది వాషింగ్టన్ డీసీ ‘షాడో సెనేటర్’ పదవి. దానికి సెనేట్‌లో ఓటే లేదు. అదే ఉద్యమం నుంచి వచ్చిన జాన్ లూయిస్ 1987 నుంచి చనిపోయేదాకా కాంగ్రెస్‌లో ఉన్నారు. చట్టాలు చేసే చోట కూర్చోకుండా జాక్సన్ సాధించిందేమిటి?

నల్లరేగడి:
పదవులు లెక్కపెడితే మీ మాటే నిజం. కానీ 1988లో ఆయనకు దాదాపు 70 లక్షల ఓట్లొచ్చాయి. చివరికి పార్టీ అభ్యర్థి అయిన డుకాకిస్‌నే మిషిగన్‌లో ఓడించారు. నల్లజాతివారే కాదు, ఐయోవాలో అప్పుల్లో కూరుకుపోయిన తెల్ల రైతులూ ఆయన సభలకు వచ్చారు.

అసలు విషయం డెలిగేట్ల, అంటే మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ ప్రతినిధుల, లెక్కలో ఉంది. 1984లో జాక్సన్‌కు వచ్చిన ఓట్ల శాతం కంటే డెలిగేట్ల శాతం బాగా తక్కువ. చాలాచోట్ల ముందున్నవాళ్లకే డెలిగేట్లందరూ పోయేవారు. ఆయన దీనిపై పట్టుబట్టి పోరాడారు. 1988 తర్వాత ఓట్ల నిష్పత్తి ప్రకారమే డెలిగేట్లను ఇవ్వాలని పార్టీ నిబంధన మార్చింది. 2008లో కాలిఫోర్నియా ప్రైమరీని (పార్టీ అభ్యర్థి కోసం జరిగే ఎన్నికను) హిల్లరీ గెలిచినా, అక్కడి 370 మంది డెలిగేట్లలో 160 మందికి పైగా ఒబామాకు దక్కడానికి కారణం ఆ పద్ధతే. ఒక్క చట్టం మీదా ఓటేయని మనిషి చేసిన పని ఇది!

కృష్ణాతీరం:
నిబంధన సంగతి ఒప్పుకుంటాను. కానీ 1984లో యూదుల గురించి ఒక విలేకరి దగ్గర ఆయన అన్న అవమానకరమైన మాట? మొదట అనలేదన్నారు, తర్వాత న్యూహాంప్‌షైర్‌లో యూదుల ప్రార్థనామందిరానికి వెళ్లి క్షమాపణ చెప్పారు. అందరినీ కలుపుతానంటూ ‘ఇంద్రధనుస్సు కూటమి’ అని పేరు పెట్టుకున్న నాయకుడు అలా మాట్లాడితే నమ్మేదెవరు?

తూర్పుగాలి:
ఆ తప్పును నేనూ వెనకేసుకురాను, ఆ గాయం ఏళ్ల తరబడి మానలేదు కూడా. అయితే 1988 పార్టీ మహాసభలో జాక్సన్ తరఫున వ్యవహారాలు నడిపిన రాన్ బ్రౌన్ మరుసటి ఏడాదే పార్టీ జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో తొలి నల్లజాతీయుడు ఆయనే. లూయిస్‌ను తక్కువ చేయను గానీ, ఆయనకు వచ్చింది ఒక్క సీటు. జాక్సన్ పోటీ వల్ల పార్టీలో తలుపులు తెరుచుకున్నవాళ్లు చాలామంది. ఈ రెండింటినీ ఒకే కొలతతో ఎలా కొలుస్తాం, కృష్ణాతీరం గారూ?