నాయనకు చూపించేకి చాట్స్‌వర్త్ మేలా, కెడిల్‌స్టన్ మేలా?

పులివెందుల_పిల్ల:
మేము డెర్బీలో ఉంటాం. అమ్మా నాయనా ఊరి నుంచి వచ్చినారు. ఆదివారం ఏదైనా పాత దొరల మేడ, తోట చూపిద్దామని ఉంది. కెడిల్‌స్టన్ హాల్ మాకు దగ్గర, చాట్స్‌వర్త్ కొంచెం దూరం. తంటా అంతా నాయనతోనే. గండికోటకు పిలుచుకుపోతే, గోడలు చూసేకి ఇంత డీజిలా అన్న మనిషి! అరటితోట, డ్రిప్పు, మోటరు తప్ప వేరే మాట లేదు. అమ్మకేమో మోకాళ్ల నొప్పి. యాడికి పోవాల?

ప్రొద్దుటూరోడు:
అమ్మ కోసమైతే కెడిల్‌స్టన్. వైస్రాయ్ కర్జన్ పుట్టిన ఇల్లు. కలకత్తా రాజ్‌భవన్‌కు నమూనా అదే. 1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య వేసుకున్న నెమలి గౌను అక్కడుంది. ఒళ్లంతా జరీ ఈకలు, ఒక్కో ఈక కంటిలో పచ్చగా మెరిసే పురుగు రెక్క. కుట్టుపని మనోళ్లది, పేరు దొరసానిది. నాయన మాత్రం పది నిమిషాలకే కారు కాడికొచ్చేస్తాడు.

కోడూరు_తోట:
చాట్స్‌వర్త్‌కే పోండి. మీ నాయన వేసింది జీ9 అరటి కదా? అది క్యావెండిష్ రకం. క్యావెండిష్ అంటే ఆ మేడ డ్యూకుల ఇంటిపేరు! వాళ్ల తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ మారిషస్ నుంచి వచ్చిన మొక్కను గాజింట్లో వేడి పెట్టి సాకితే 1835లో పూత పట్టింది. ఇంకోటి, ఎంపరర్ ఫౌంటెన్. రష్యా జార్ వస్తాడని 1844లో కట్టినారు, ఆయన రానే లేదు. నీళ్లు 90 మీటర్ల దాకా లేస్తాయి. మోటరు లేదు, కరెంటు లేదు. గుట్ట మీద చెరువు తవ్వి కిందికి పైపు దించినారు, అంతే. మీ నాయన ఆ పైపు సైజు అడక్కపోతే చూడు.

షెఫీల్డ్_అక్క:
తోట 105 ఎకరాలు, పైకి పోయేకొద్దీ ఎగుడు. అమ్మను కింద ఫౌంటెన్ కాడ కూర్చోబెట్టు. చుట్టూ ఉండే పచ్చిక, చెట్ల గుంపులు వాటంతటవే పెరిగినట్టుంటాయి గానీ, 1760లలో బ్రౌన్ దిద్దించినవి. కడపలో బంగళా కొన్న మన సీపీ బ్రౌన్ కాదులే, ఈయన కేపబిలిటీ బ్రౌన్. పులిహోర కట్టుకుపో, అక్కడి చప్పిడి తిండి పెద్దోళ్లు ముట్టరు.

పులివెందుల_పిల్ల:
చాట్స్‌వర్త్ ఖాయం! నాయనకు చదివి వినిపించినా. గెల ఎన్ని కేజీలు తూగిందంట, పిలకలు అమ్ముతారా అని అడుగుతున్నాడు. విమానంలో మొక్కలు తీసుకుపోనీరు నాయనా అంటే, "వాళ్లు మారిషస్ నుంచి తెచ్చుకోలేదా?" అంటాడు.