ఫ్లోరెన్స్‌లో రెండు రాత్రులు, అమ్మ తిండి, నాన్న మోకాళ్ళు: ఎలా ప్లాన్ చేసుకోమంటారు?

గోదారమ్మాయి
అందరికీ నమస్తే అండీ. నేను జర్మనీలో ఉంటా, రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా వచ్చారు. అక్టోబర్లో ఇటలీ తీసుకెళ్తున్నా, రోమ్ అయ్యాక ఫ్లోరెన్స్‌లో రెండు రాత్రులు. ఆదివారం మధ్యాహ్నం దిగుతాం, మంగళవారం సాయంత్రం ట్రైన్. హోటలూ ట్రైనూ అన్నీ బుక్ చేసేశాక ఇప్పుడు తెలిసింది, సోమవారం ఉఫీజీ గ్యాలరీ, డేవిడ్ విగ్రహం ఉండే అకాడెమియా రెండూ మూసేస్తారంట. అంటే మధ్యలో ఉన్న ఒకే ఒక్క పూర్తి రోజు పోయినట్టేనా?

నాన్నకి మోకాళ్ళ నొప్పులు, చదునుగా ఉంటే మెల్లగా ఎంతైనా నడుస్తారు కానీ మెట్లు మాత్రం కుదరదు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పోయినేడాది పారిస్‌లో రెండ్రోజులు అరటిపళ్ళూ పెరుగూ తిని గడిపింది, ఒక్క మాట అనలేదు, నాకే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈసారి అలా కాకూడదు. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

తెనాలి తమ్ముడు
అక్కా, సోమవారం ఏం పోలేదు, కంగారు పడకండి. ఆదివారం సాయంత్రం అకాడెమియా, మంగళవారం పొద్దున్నే ఉఫీజీ, మధ్యలో సోమవారం మొత్తం ఊరి పెద్ద చర్చి, కేథడ్రల్ చుట్టూ పెట్టుకోండి. కాకపోతే మీ ఆదివారం నెలలో మొదటి ఆదివారమేమో చూసుకోండి, ఆ రోజు గవర్నమెంట్ మ్యూజియాలు ఫ్రీ, క్యూ చూస్తే పెద్దవాళ్ళు భయపడతారు. టికెట్ మాత్రం మ్యూజియం సొంత సైట్లోనే టైమ్ స్లాట్‌తో తీసుకోండి, గూగుల్లో పైన కనిపించే వేరే సైట్లలో అదే టికెట్ రెట్టింపు ఉంటుంది.

డేవిడ్ గ్రౌండ్ ఫ్లోర్లోనే ఉంది కాబట్టి నాన్నగారికి ఇబ్బంది లేదు. ఐదు మీటర్ల పైన ఎత్తు, వేరే శిల్పులు మొదలెట్టి వదిలేసిన పాలరాతి దిమ్మ నుంచి మైకెలాంజెలో 1501లో మొదలుపెట్టి 1504కల్లా చెక్కాడు. అందరూ తిన్నగా దాని దగ్గరికే పరిగెడతారు, మీరు మాత్రం వెళ్ళే దారిలో రెండు పక్కలా ఉన్న సగం చెక్కిన బందీల విగ్రహాల దగ్గర ఆగండి. ఉలి గీతలు ఇంకా అలాగే ఉన్నాయి, మొహం ఇంకా రాయిలోనే ఉంది, భుజం ఒక్కటే బయటికొచ్చి లోపలి మనిషి పెనుగులాడుతున్నట్టు ఉంటుంది. మా అమ్మ సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెక్కా విగ్రహం చూసినప్పటి నుంచి పాలరాయంటే ప్రాణం పెడుతుంది, అక్కడ్నించి కదలమంటే కదల్లేదు. డేవిడ్ దగ్గరికొచ్చాక కుడిచెయ్యి చూడండి, చేతి వెనక నరాలు ఉబ్బి ఉంటాయి.

కేథడ్రల్ డోమ్ ఎక్కడం మర్చిపోండి, 463 మెట్లు, లిఫ్ట్ లేదు. పక్కన జొత్తో గంటల టవర్ 414, అదీ అంతే. దాని బదులు కేథడ్రల్ వెనకాలే మ్యూజియం ఉంది, మ్యూజెయో దెల్ ఒపేరా అని, అందులో లిఫ్ట్ ఉంది, జనం కూడా తక్కువ. కేథడ్రల్ ఎదురుగా బాప్టిజం ఇచ్చే కట్టడం బాప్టిస్ట్రీకి ఉన్న బంగారు తలుపులు కాపీలు, శిల్పి గిబెర్తీ 1425 నుంచి 1452 దాకా 27 ఏళ్ళు కూర్చుని చేసిన అసలు తలుపులు ఈ మ్యూజియంలోనే ఉన్నాయి, దగ్గర్నుంచి చూడొచ్చు. నా మటుకు నాకు ఊరి మొత్తంలో ఇదే ఇష్టం. కేథడ్రల్లోకి ఎంట్రీ ఫ్రీ, భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి, చీరైతే సమస్యే లేదు. సాయంత్రం గుట్ట మీదున్న పియాజాలే మైకెలాంజెలో అనే వ్యూ పాయింట్‌కి మెట్ల దారిన కాకుండా సిటీ బస్సులో వెళ్ళండి, సూర్యాస్తమయం టైముకి నదీ బ్రిడ్జిలూ డోమూ అన్నీ ఒకేసారి కనబడతాయి.

నల్లగొండ పోరగాడు
అక్కా నేను ఆడ్నే మాస్టర్స్ చేసిన, రెండేండ్లు ఉన్న, తిండి సంగతి నేను చెప్త. ఫ్లోరెన్స్ అంటే అందరు బిస్తెక్కా అంటరు, అది బీఫ్, మీకొద్దు. కాని ఆ ఊరి అసలు తిండి పేదోళ్ళ తిండి, రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర, టమాట, అమ్మకు మంచిగ సరిపోతది. రిబొల్లీతా అడుగుండ్రి, నల్ల ఆకుకూర, తెల్ల చిక్కుడు గింజలు, పాత రొట్టె ఏసి ఉడికిస్తరు, మళ్ళ మర్నాడు మరగపెడ్తరు, పేరుకు అర్థం గూడ అదే. పాప్పా అల్ పొమొదోరో అంటే టమాటల రొట్టె నానేసి మెత్తగ చేస్తరు, మీద పచ్చి ఆలివ్ నూనె పోస్తరు. ఫజోలీ అల్ ఉచ్చెల్లెత్తో అని చిక్కుడు గింజల టమాటా కూర ఉంటది, పేర్ల పిట్ట ఉంటది గాని ప్లేట్ల ఉండది. ఏది అడిగినా "సెంజా కార్నె" అనుండ్రి, మాంసం లేకుండ అని అర్థం, కొన్ని చోట్ల మాంసం నీళ్ళు పోస్తరు గాబట్టి "బ్రోదో వెజెటాలె?", అంటే కూరగాయల నీళ్ళేనా అని గూడ అడగాలె.

గుడ్డు ముచ్చట ఇను. తాలియాతెల్లె, పప్పర్దెల్లె అసొంటి ఫ్రెష్ పాస్తాల గుడ్డు కలుపుతరు. డ్రై పాస్తా, పెన్నె, స్పగెట్టి, రవ్వ పిండితోని చేసేది, దాంట్ల ఉండది. ఐస్‌క్రీం అయితే క్రేమా అనేదాంట్ల గుడ్డు సొన ఉంటది, పండ్ల సొర్బెత్తో తీస్కోండ్రి. తిరమిసు అనే స్వీట్ల గూడ గుడ్డు ఉంటది, ముట్టొద్దు. ఇంకోటి, పర్మిజానో చీజ్‌ల పాలు గడ్డ కట్టనీకె దూడ కడుపుల నుంచి తీసే రెన్నెట్ ఏస్తరు. అమ్మకు పట్టింపు ఉంటే ముందుగాల్నే "సెంజా ఫొర్మాజ్జొ", చీజ్ లేకుండ అనుండ్రి, తిన్నంక తెలుస్తే మనసు ఖరాబ్ అయితది.

రొట్టె ఉప్పు లేకుండ చప్పగ ఉంటది, బాగలేదనుకోవద్దు, టస్కనీల అంతే, నూనె ఉప్పు అద్దుకొని తింటే అలవాటైతది. కొక్కొలి తప్పకుండ తినుండ్రి, పిండి ముద్దలు నూనెల ఏసి తీస్తరు, ఏడేడిగ ఉప్పు చల్లి ఇస్తరు, అచ్చం మన పుణుగుల లెక్కనే, చేతుల పట్టుకుంటే కాలుతది, ఇరిస్తే లోపల గుల్లగ ఉంటది. పక్కన పంది మాంసం పెడ్తరు, వద్దనుండ్రి. ఏంచేది నూనెల్నా పంది కొవ్వులనా అని గూడ అడుగుండ్రి, కొవ్వును స్త్రుత్తో అంటరు. కాఫీకి వొట్టి "లాత్తె" అంటే గ్లాసుల పాలే తెచ్చిస్తరు, "కఫ్ఫెలాత్తె" అనాలె. కూసుంటే రేటు ఎక్కువ, నిలబడి తాగితే తక్కువ. బిల్లుల కొపెర్తో అని మనిషికి 2-3 యూరోలు ఏస్తే మోసం కాదు, అది ఆడి పద్ధతి.

డల్లాస్ వదిన
ట్రైన్లో వస్తున్నారు కాబట్టి సరిపోయింది అమ్మాయ్. మేము కారు అద్దెకి తీసుకుని తిన్నగా హోటల్ దాకా పోనిచ్చాం, పాత ఊళ్ళోకి బయటి కార్లు రాకూడదని మాకు తెలీదు, కెమెరా పట్టేసింది, కొన్ని నెలలు పోయాక ఇంటికి ఫైన్ వచ్చింది, కారు కంపెనీ వాళ్ళు అడ్రస్ ఇచ్చినందుకు విడిగా ఇంకొంత గుంజారు. స్టేషన్ నుంచి కేథడ్రల్‌కి పది పన్నెండు నిమిషాల నడకే.

భద్రాద్రి రాముడు
మీ నాన్నగారిది రాజమండ్రి అన్నారు కదా తల్లీ, అయితే 1986 గోదావరి వరద కళ్ళారా చూసి ఉంటారు. అందుకని ఒక చోటు చెప్తాను. 1966 నవంబర్ 4న ఆర్నో నది ఫ్లోరెన్స్ మీద పడింది. శాంతా క్రోచె చర్చిలో చిమబూయె వేసిన పెద్ద శిలువ బొమ్మ ఆ బురదలో నాని రంగులు ఊడిపోయింది, ఆ ఊడిన చోట్లు ఈ రోజుకీ కనిపిస్తాయి. మైకెలాంజెలో, గెలీలియో సమాధులు కూడా ఆ చర్చిలోనే. అక్కడికి దగ్గర్లో వియా సాన్ రెమీజొ అని చిన్న సందు ఉంది, దాని గోడ మీద రెండు రాళ్ళున్నాయి. ఒకటి 1966ది. రెండోది 1333 వరదది, అలలు చెక్కి, నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయని వేలు చూపించే చెయ్యి ఒకటి చెక్కారు. టికెట్ లేదు, మెట్లు లేవు, గైడ్ బుక్కుల్లో పెద్దగా రాయరు.

ఇంకొకటి, టైముంటేనే. ఊరికి పడమట కషీనె పార్కు చివర ఆర్నోలో చిన్న నది కలిసేచోట మన కొల్హాపూర్ మహారాజు రాజారామ్ గుర్తుగా కట్టిన మండపం ఉంది. ఇంగ్లండ్ వెళ్ళి తిరిగొస్తూ 1870లో ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు, ఇరవై ఏళ్ళు దాటాయో లేదో, రెండు నదులు కలిసేచోట దహనం చేశారు. నడక చాలా ఉంటుంది, నాన్నగారితో అయితే టాక్సీలోనే వెళ్ళండి.

గోదారమ్మాయి
వెళ్ళొచ్చామండీ, అందరికీ చాలా చాలా థాంక్స్. అమ్మ రెండు పూటలా రిబొల్లీతానే తింది, రెండోరోజు బచ్చలికూర పప్పులో రొట్టె వేసినట్టుందని తనే మళ్ళీ అడిగింది. కొక్కొలి మేం ముగ్గురం మూడు ప్లేట్లు తిన్నాం. కషీనె కుదరలేదు.

రాముడు గారూ, నాన్న ఆ సందులో గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. చెయ్యి పైకెత్తి 1966 రాయి అందుతుందేమో చూశారు, అందలేదు. తర్వాత 86లో రాత్రికి రాత్రి మా ఇంట్లోకి నీళ్ళొస్తే మామ్మని ఎలా ఎత్తుకుని మేడెక్కారో అక్కడే నిలబడి మొత్తం చెప్పారు, నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.