ప్యూర్ డేటాలో డయోడ్ క్లిప్పర్: టప్‌మని కొట్టి ఆగిపోతోంది, ఎవరైనా చేశారా?

టంకంపొగ:
అన్నలూ, డిస్టార్షన్ పెడల్లో సిగ్నల్ కొసల్ని కోసే డయోడ్ క్లిప్పర్‌ని పిడిలో (ప్యూర్ డేటా, బాక్సులు కలిపి సౌండ్ ప్రోగ్రామ్‌లు కట్టే సాఫ్ట్‌వేర్) కడుతున్నా. 2.2 కిలోఓమ్ రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్, దానికి ప్యారలల్‌గా ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు, అంతే. ఒక్కో శాంపిల్‌కీ లెక్క చేసే ఎఫ్ఎక్స్‌పర్~ బాక్స్‌లో ఈక్వేషన్ రాసి పాత శాంపిల్ విలువకి మార్పు కలుపుకుంటూ పోతున్నా. డయోడ్లు తీసేస్తే మంచి లో పాస్ ఫిల్టర్‌లా పనిచేస్తోంది, పెట్టి గిటార్ కాస్త గట్టిగా మీటానో టప్‌మని కొట్టి నిశ్శబ్దం, నంబర్ బాక్స్‌లో చూస్తే నాన్ (నంబరే కాని విలువ) అని ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉన్నా, చెవి ఇంకా గుయ్యిమంటోంది.

గోదారి_బేస్:
ముందు సౌండ్ బయటికెళ్లే డాక్~ పైన, హద్దు దాటకుండా ఆపే ఒక క్లిప్~ పెట్టు తమ్ముడూ, తర్వాతే మిగతాది. నీ లెక్క తప్పు కాదు, శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య అడుగు పెద్దదైపోయింది. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక శాంపిల్ అంటే దాదాపు 20.8 మైక్రోసెకండ్లు, నీ ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్‌ల లబ్ధం, అదే టైం కాన్‌స్టంట్) 22 మైక్రోసెకండ్లు కాబట్టి డయోడ్ లేనప్పుడు నెట్టుకొచ్చింది. 0.6 వోల్ట్ దగ్గర డయోడ్ తెరుచుకుంటే ఆ టైం కాన్‌స్టంట్ మైక్రోసెకండ్ కంటే కిందకి పడిపోద్ది, అప్పుడు ప్రతి శాంపిల్‌కీ అటు దాటి ఇటు దాటి ఊగి పేలిపోద్ది. బ్యాక్‌వర్డ్ ఆయిలర్ వాడు, అంటే కరెంటుని పాత వోల్టేజీతో కాకుండా కొత్త వోల్టేజీతోనే లెక్కగట్టాలి.

రాత్రి_పాచ్:
నేను గూడ ఇట్లనే ఇరికిన. కొత్త వోల్టేజీ సమీకరణానికి రెండు దిక్కుల ఉంటది కదా, అందుకే న్యూటన్ పద్ధతి (అంచనాని అడుగడుగున సరిదిద్దుకుంట పోవుడు) పెట్టిన, కానీ గట్టి సిగ్నల్ వస్తే మొదటి అడుగుల వోల్ట్ మీదికి పోయి, అక్కడ్నుంచి ఒక్కో అడుగుకి 45 మిల్లీవోల్ట్‌లే దిగుతది, ఇరవై అడుగులైనా చాలలే, సీపీయూ మొత్తం తినేసింది. స్పైస్ అనే సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ల లెక్క ఒక్కో అడుగు ఎంత జరగాలో హద్దు పెట్టినంక కుదిరింది.

గోదారి_బేస్:
ఈ సర్క్యూట్‌కి న్యూటన్ కూడా అక్కర్లేదండీ. పాత వోల్టేజీ, ఇన్‌పుట్ రెండూ కలిసి ఒక్క నంబరుగా వస్తాయి, కొత్త వోల్టేజీ దాని మీదే ఆధారపడుద్ది. పాచ్ (పిడి ప్రోగ్రామ్) తెరిచినప్పుడు ఒకసారి జవాబులన్నిటితో టేబుల్ నింపుకుని, ఒక్కో శాంపిల్‌గా నడిచే బ్లాక్~ 1 సబ్‌పాచ్‌లో ట్యాబ్‌రీడ్4~ బాక్స్‌తో చదువుకోవడమే. ఆ బ్లాక్~ 1 మర్చిపోతే మాత్రం ఫీడ్‌బ్యాక్ 64 శాంపిళ్లు ఆలస్యంగా వస్తది, అది అసలు ఆ సర్క్యూటే కాదు.

టంకంపొగ:
టేబుల్ పెట్టా, పేలడం పోయింది! కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చిన డయోడ్లతో బ్రెడ్‌బోర్డ్ మీద కట్టి పక్కపక్కన విన్నా, కింది తీగల మీద తేడా పట్టలేకపోయా. పై తీగ మీద నోటు వంచితే మాత్రం పిడిలో సన్నగా ఇంకో నోటు కిందకి జారుతూ వినిపిస్తోంది, బోర్డ్ మీద అది లేదు.

రాత్రి_పాచ్:
అది ఏలియాసింగ్ అన్నా, శాంపిల్ రేటు పట్టలేని పై స్వరాలు కిందికి మడతపడి వినిపిస్తయి. అదే సబ్‌పాచ్‌ని 4 రెట్ల ఓవర్‌శాంప్లింగ్ల (అంటే 4 రెట్ల శాంపిల్ రేటుతో) పెట్టు, కిందికి దిగేటప్పుడు పిడి ఫిల్టర్ వెయ్యదు, మనమే నిటారుగా కోసే లో పాస్ పెట్టాలె. శాంపిల్ రేటు మారింది కాబట్టి టేబుల్ గూడ మళ్ల నింపు.

టంకంపొగ:
రెసిస్టర్‌ని నాబ్‌కి తగిలిస్తే?

గోదారి_బేస్:
తిప్పినప్పుడల్లా టేబుల్ మారిపోద్ది, అప్పుడు రాత్రి_పాచ్ గారి న్యూటనే మేలు. డ్రైవ్ నాబ్ ఒక్కటే కావాలంటే ముందు గెయిన్‌గా పెట్టుకో, టేబుల్ ముట్టుకోనక్కర్లేదు.