ఆదివారం ఆరాధనలో ఆగస్టు 10 మాట ఎత్తవచ్చా?

తెనాలి ఉపాధ్యాయిని (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ వందనాలు. 2025లో ఆగస్టు 10 సరిగ్గా ఆదివారమే వచ్చింది. ఆ రోజు మా సంఘంలో వాక్యం ముగిశాక, కానుకలకు ముందు, మా పాస్టరు అయ్యగారు అందరినీ నిలబడమని ఒక ప్రార్థన చదివారు. 1950లో అదే తేదీన రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిందనీ, హిందూ మతం కాక వేరే మతం పాటించేవారిని షెడ్యూల్డు కులాలవారిగా గుర్తించరాదని దాని మూడో పేరా చెప్పిందనీ, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ అడ్డు తొలగినా మనకు తొలగలేదనీ రెండు మాటల్లో చెప్పారు. తర్వాత మా తెనాలి పక్కనే ఉన్న చుండూరులో 1991 ఆగస్టు 6న హత్యకు గురైన ఎనిమిది మందిని తలుచుకుని ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాం.

చెప్పులు వేసుకోకముందే వాదన మొదలైంది. ఇద్దరు సంఘ పెద్దలు అయ్యగారిని పక్కకు తీసుకెళ్ళి, దేవుని సన్నిధిలో ప్రభుత్వ ఉత్తర్వుల గొడవ ఏమిటని గట్టిగానే అడిగారు. వచ్చే ఏడాది నుంచి ఇలాంటివి బయట సభ పెట్టుకుని చెప్పుకోవాలట.

నా మాట ముందే చెబుతాను. 1991లో నేను ఏడో తరగతి. చుండూరు వార్త తెలిసిన వారం మా నాన్న మమ్మల్ని గడప దాటనివ్వలేదు. ఆదివారం మాత్రం చర్చికి తీసుకెళ్ళారు. ఆరాధన అంతా అయ్యింది, ఒక్కరూ ఆ ఊరి పేరు ఎత్తలేదు. అలవాటైన కీర్తనలు పాడుకుని ఇంటికి వచ్చాం. దేవునికి ఈ సంగతి తెలియదా అని ఆ రాత్రి అమ్మను అడిగాను. ఆమె దగ్గర జవాబు లేదు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత అయ్యగారు ఆ ఊరి పేరు పలికినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. అందుకే అడుగుతున్నాను. ఇది ఆరాధనలో ఉండాలా, వద్దా?

బాపట్ల జిల్లా సంఘ పెద్ద:

అమ్మా, మీ కన్నీళ్ళ మీద నాకు గౌరవం ఉంది. అయినా మీ సంఘ పెద్దల పక్షాన మాట్లాడుతున్నాను. వాళ్ళను పిరికివాళ్ళని ఎవరూ అనకముందే కొన్ని సంగతులు గుర్తుచేయాలి.

2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక యువతి కేసులో సుప్రీంకోర్టు ఏమన్నది? బాప్తిస్మం తీసుకుని, క్రమంగా చర్చికి వెళుతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నది. 2025 ఏప్రిల్ 30న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసును కొట్టివేసింది. క్రైస్తవుడయ్యాక ఆ చట్టం రక్షణ వర్తించదన్నది. అంటే ఇవాళ నన్ను కులం పేరుతో తిట్టి కొట్టినా, చర్చి రిజిస్టరులో నా పేరు ఉంటే ఆ కేసు నిలబడదు.

మీ సంఘంలో ఆ ప్రార్థనకు లేచి నిలబడ్డవారిలో ఎంతమంది పిల్లలు కుల ధ్రువీకరణ పత్రం మీద చదువుతున్నారో అయ్యగారికి తెలియదా? ఎవరో ఒక యౌవనస్థుడు ఫోనులో వీడియో తీసి నలుగురికి పంపితే ఆ ముఖాలన్నీ సాక్ష్యాలవుతాయి. కాపరి తన మందను గుర్తుపట్టించి ఇవ్వకూడదు.

ఇంకొక మాట. వారమంతా మిరపకాయల యార్డులో బస్తాలు మోసినవాడు, ఇటుకల బట్టీలో పని చేసిన ఆడమనిషి ఆదివారం రెండు గంటలు దేవుని ముందు గుండె దించుకోవడానికి వస్తారు. అక్కడ కూడా మళ్ళీ కులమే వినిపిస్తే వాళ్ళు ఎక్కడికి పోవాలి?

ఒంగోలు చరిత్ర విద్యార్థి:

పెద్దాయన చివరి ప్రశ్న బలమైనది. దానికి జవాబు మా ఊరి చరిత్రలోనే ఉంది. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు ప్రాంతానికి వచ్చేనాటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద సత్యం కోసం వెతుకుతూ ఉన్నాడు. బాప్తిస్మం పొందాక తన బంధువుల పల్లెలన్నీ తిరిగి చెప్పింది ఆయనే. కొత్తగా వచ్చేవారికి మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఈ మూడింటిలో ఊరి పెద్దలకు అన్నిటికంటే మంట పుట్టించింది మొదటిదని నా అభిప్రాయం. రైతు కబురు పెడితే పరుగెత్తి రావలసిన మనిషి, ఇవాళ రాను, ఇది నా దేవుని దినం అన్నాడు. జాతరలో డప్పు కొట్టను అన్నాడు. దానికి ప్రతిగా దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు, దారులు మూసేస్తే చుట్టూ తిరిగి నడిచారు.

మీరు గుండె దించుకోవడానికి అంటున్న ఆ రెండు గంటలను మన ముత్తాతలు ఎదిరించి సంపాదించారు. ఆదివారం నాడు చర్చిలో కూర్చోవడమే ఆ రోజుల్లో పెద్ద తిరుగుబాటు. న్యాయం మాట ఆరాధనలోకి బయటి నుంచి వచ్చిందని ఎవరైనా అంటే నాకు మనసు కష్టమవుతుంది. అది పునాదిలోనే ఉంది.

మరొకటి. 1876-78 కరువులో ఆకలితో వచ్చినవారికి ఊరికే గింజలు పంచకుండా, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకుని కూలి ఇప్పించారు. ఆ పనులు నడిచినన్నాళ్ళూ ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలీ, గౌరవం, విశ్వాసం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, వాటిని విడదీసి చూడటం నాకు చేతకావడం లేదు.

మెదక్ వాసి:

ఒంగోలు తమ్ముడు చెప్పిన కాలువ కథలాంటిదే మాకూ ఉంది. మెదక్ చర్చిని మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో కట్టించారు. పని చేసినవారికి అన్నం దొరికింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మా తాతల పిల్లలకు ఆ కట్టడం నీడలోనే చదువు వచ్చింది. డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఇసబెల్ కెర్ డాక్టరమ్మ ఆసుపత్రి పెట్టారు. తోబుట్టువులు కూడా తాకనివారి పుండ్లు అక్కడ కడిగారు.

నేను గమనించిందేమిటంటే వీరెవరూ నినాదం ఇవ్వలేదు. సేవ చేశారు. అందుకే ఊళ్ళో అన్ని కులాలవారూ ఆ బడులకు, ఆసుపత్రులకు వచ్చారు. న్యాయపోరాటం అనగానే ఎదుటి పక్షం అనేది ఒకటి పుడుతుంది. ఆ వెనుకే పార్టీలు వస్తాయి. ఎన్నికల ముందు ఏ అభ్యర్థి వచ్చినా మైకు చేతికిచ్చి, చేతులుంచి ప్రార్థించి పంపే చర్చిలను నేను కళ్ళారా చూశాను. ఒకసారి తలుపు తెరిస్తే ఎవరు లోపలికి వస్తారో మన చేతుల్లో ఉండదు. సేవ చేద్దాం, ఎంతైనా చేద్దాం. బలిపీఠం దగ్గర మాత్రం దేవుని మాటే ఉండనివ్వండి.

తెనాలి ఉపాధ్యాయిని:

మెదక్ అన్నగారూ, సేవకూ న్యాయానికీ మధ్య మీరు గీసిన గీత ఎక్కడ చెరిగిపోతుందో మా వైపు సంఘటన ఒకటి చెబుతాను.

1985 జూలై 16న కారంచేడులో, తాగునీటి చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగడం వద్దన్నందుకు ఒక మాదిగ యువకుణ్ణి కొట్టబోతే, నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీ తన బిందె ఎత్తి అడ్డుకుంది. ఆమె పేరు సువార్త. ఆ పేరు మన ఇళ్ళలో ఎందుకు పెడతామో నేను చెప్పనక్కరలేదు. మర్నాడు పల్లె మీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. మిగిలినవారు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

అప్పుడు వాళ్ళకు అన్నం వండి పెట్టడం సేవ. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ వాళ్ళు, మేం తిరిగి ఆ ఊరికి పోం, ఇక్కడే మాకు స్థలాలు ఇవ్వండి, చంపినవారిని శిక్షించండి అన్నారు. ఆ మాట అన్న క్షణం నుంచి అదే అన్నం రాజకీయం అయిపోయింది. అప్పుడు వంట ఆపేయాలా? ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం కడుపులోంచే. పుండు కడిగితే మెచ్చుకుని, పుండు ఎలా అయిందని అడిగితే కోప్పడేవారిని నేను అర్థం చేసుకోలేకపోతున్నాను.

మైకు సంగతి మీరు చెప్పింది నిజం. అభ్యర్థులకు మైకు ఇవ్వకూడదు. దాంట్లో నేను మీతోనే ఉన్నాను. చనిపోయినవారి కోసం మౌనం పాటించడం మాత్రం ఎవరికీ మైకు ఇవ్వడం కాదు.

సికింద్రాబాద్ నర్సు:

ఇంతసేపూ బయటివారు మనకు చేసిందే మాట్లాడుకున్నాం. నాకు వేరే బాధ ఉంది.

మాలలు ఎక్కువగా ఉన్న చర్చి, మాదిగలు ఎక్కువగా ఉన్న చర్చి అని మనందరికీ తెలుసు. లూథరన్ అంటే ఒకటి, బాప్టిస్టు అంటే ఒకటి అని పెళ్ళి సంబంధాలప్పుడు వెంటనే గుర్తుకొస్తుంది. గుంటూరు జిల్లాలో రెడ్డి కతోలికులు, కమ్మ కతోలికులు ఉన్నారు. ఒకే గుడి, ఒకే అప్పం, పెళ్ళిళ్ళు మాత్రం వేరు. మా అమ్మమ్మగారి ఊళ్ళో సమాధుల తోటలో మధ్యన ఒక వరుస ఇటుకలు ఉన్నాయి. ఎవరు పెట్టారో చెప్పరు. ఎవరూ తీయరు. పాస్టర్ల బదిలీ జాబితా వస్తే పేరు తర్వాత మనం వెతికేది ఏమిటో దేవునికి తెలుసు. 2024 ఆగస్టు 1న ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన వారం మా చర్చిలో పక్కపక్క బల్లల మీద కూర్చునేవారు శాంతి వందనం కూడా ఇచ్చుకోలేదు. నేను ఆ మధ్య బల్లలో కూర్చున్నదాన్ని.

2013లో పుష్ప లలితమ్మగారు నంద్యాల అధ్యక్ష ఖండానికి (డయోసీస్‌కు) బిషప్ అయినప్పుడు, 2022లో పూల ఆంథోనీగారు కార్డినల్ అయినప్పుడు కేకులు కోశాం. మొదటి మహిళ, మొదటి దళితుడు అని సంతోషించాం. సంతోషించవలసిందే. ఆ సంతోషం తర్వాత ఆ ఇటుకల వరుస అలాగే ఉంది.

కాబట్టి ఆగస్టు 10 ప్రార్థన ఉండాలి, కానీ అందులో ఒప్పుకోలు ముందు రావాలి. ప్రభుత్వాన్ని అడగకముందు, ప్రభువా మేమూ చేశాం అని మన నోటితో మనం అనాలి. ప్రభు బల్ల దగ్గరికి వెళ్ళకముందు సహోదరునితో సమాధానపడమనే కదా వాక్యం చెప్పింది.

బాపట్ల జిల్లా సంఘ పెద్ద:

అమ్మా, మీరు చెప్పిన సువార్త సంగతి, నర్సు తల్లి చెప్పిన ఇటుకల సంగతి, రెండూ చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

నా భయం నా కోసం కాదు. నాకు అరవై ఎనిమిదేళ్ళు, నన్ను ఎవరేం చేస్తారు? మా మనవరాలు ఇంజనీరింగ్ రెండో ఏడు. ఫీజు వచ్చేది ఆ కుల ధ్రువీకరణ పత్రం మీదే. క్రైస్తవులైన ఎస్సీలకు ఇచ్చే బీసీ-సీకి మారవచ్చు కదా అంటారు. ఆ ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఎంతమంది ఇరుక్కుంటారు? పైగా బీసీ-సీకి అత్యాచారాల నిరోధక చట్టం లేదు, ఊళ్ళో కొట్టేవాడికి మాత్రం నేను ఎప్పుడూ పాత మనిషినే.

ఇటుకల మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్ళోనూ ఉన్నాయి. ఒప్పుకోలు ఆరాధనలోనే ఉండాలని ఒప్పుకుంటున్నాను. మిగతా ప్రార్థన బుధవారం ఉపవాస కూటంలో పెట్టుకోండి. తలుపులు వేసి, ఫోనులు లేకుండా.

ఒంగోలు చరిత్ర విద్యార్థి:

అయ్యా, ఫోనులు లేకుండా అనేదానికి నూరు శాతం ఒప్పుకుంటాను. బుధవారం అంటే ఒప్పుకోను. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తొలగించమని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో అదే విషయం పరిశీలించమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగిస్తూ పోయారు. ఇన్నేళ్ళూ మనం తలుపులు వేసుకునే ప్రార్థించాం. మీ మనవరాలి భయం మీ ఇంట్లోనే ఉండిపోతే అది మీ ఒక్కరి రహస్యం. సంఘమంతా కలిసి దేవుని ముందు పెడితే కనీసం పక్కవాడి కొడుకుకూ అదే భయమని తెలుస్తుంది.

తెనాలి ఉపాధ్యాయిని:

మొన్న శనివారం మా సంఘ కమిటీ కూర్చుంది. ఏం జరిగిందో చెబుతాను.

నవంబరు రెండో ఆదివారం దేశంలో చాలా సంఘాలు దళిత విమోచన ఆదివారంగా ఆచరిస్తాయి. మేమూ ఆచరిస్తాం. ఆరాధన లోపలే, కానుకలకు ముందే. గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టి ఫోనులన్నీ అందులో వేయిస్తాం. ఇది బాపట్ల పెద్దాయన చెప్పిందే, ఆయనకు నా కృతజ్ఞతలు. నర్సు చెల్లి చెప్పిన ఒప్పుకోలు మొదట వస్తుంది. స్త్రీల సమాజం ఆ నెల పిడికెడు బియ్యం కానుకను కారంచేడు, చుండూరుల పేరు మీద హాస్టలు పిల్లలకు పంపుతుంది. అయ్యగారిని నిలదీసిన ఇద్దరు పెద్దల్లో ఒకరు ఒప్పుకున్నారు. రెండో ఆయన, ఆ పది నిమిషాలూ బయట చెట్టు కింద ఉంటాను, తర్వాత వస్తాను అన్నారు. అయ్యగారు, మీ కుర్చీ అలాగే ఉంచుతాం అన్నారు.

తేలని విషయం ఒకటి మిగిలింది. ఒప్పుకోలులో మాల, మాదిగ అని పేర్లు పెట్టి పలకాలా, మేము అని ఊరుకోవాలా? స్త్రీల సమాజంలో రెండు పక్షాలయ్యాయి. పేర్లు పలకకపోతే ఎవరికి వారు ఎదుటివారి పాపమనుకుంటారని కొందరు, పలికితే ఆ రోజే మళ్ళీ విడిపోతామని కొందరు. మీ సంఘాల్లో ఎవరైనా ఇలాంటి ప్రార్థన రాసి చదివి ఉంటే, వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. గురువారానికల్లా కావాలి, శుక్రవారం మేం రాయడానికి కూర్చుంటున్నాం.